తెలుఁగు వాక్యమునఁ బదముల పొందిక: ఒక విమర్శ

పాఠశాలలయందు వ్యాకరణము చెప్పు పండితులవలన నొక మాట తఱచుగా వినఁబడుచుండును. విశేషణము విశేష్యమును లింగవచనవిభక్తులయం దనుసరించునని యామాట. బాలురు దానిని కంఠస్థము చేయుదురు. పరీక్షలలో వ్రాసి మార్కులు పొందుదురు. పిదప నదే పుటలో "మంచి బాలుఁడు, మంచి బాలిక, మంచి గుఱ్ఱములు" అని యుదాహరణములు వ్రాయుచు, "మంచి" యను శబ్దము వీనిలో నే లింగము నే వచనము ననుసరించినదో యడుగక యూరకుందురు. అడిగిన బాలునకు సమాధానము చెప్పువా రరుదు. ఈనియమము సంస్కృతమునకు సంబంధించినది, అచ్చట సత్యమైనది. తెలుఁగున నది యెంతవఱకు నిలుచునో విచారింపవలసియున్నది. ఇది కేవలము మాటలతగవు గాదు. ఈ నియమము చేతఁబట్టుకొని దిద్దుటచే నిర్దుష్టవాక్యములు కొన్ని దోషములుగా నెంచఁబడుచున్నవి. నిజముగా దిద్దవలసినవి కొన్ని దిద్దకయే విడువఁబడుచున్నవి.

ముందు సంస్కృతముమాట. అందు గుణవాచకమునకుఁ దనదైన లింగము లేదు. అది యే ద్రవ్యమునకు విశేషణమగునో దాని లింగమును, సంఖ్యను, విభక్తిని గ్రహించును. సుందరః పురుషః, సుందరీ కన్యా, సుందరం పుష్పమ్. ఇట్లే తక్కిన విభక్తులయందును. నియతలింగములగు ప్రమాణ పాత్రాది శబ్దములు మాత్ర మీత్రోవఁ బోవు. వేదశబ్దము పుంలింగబహువచనమున నున్నను ప్రమాణశబ్దము నపుంసకైకవచనమున నిలిచియే దానితో నన్వయించును. ఈలింగము లోకమునఁ గనఁబడు చిహ్నములచే నిర్ణయింపఁదగినది గాదని, మంచమునకుఁ జెట్టునకు నట్టి చిహ్నము లెవ్వియు లేకున్నను ఖట్వాశబ్దము స్త్రీలింగము, వృక్షశబ్దము పుంలింగము నగుటఁ జూపి, మహాభాష్యకారుఁడు స్త్రీప్రత్యయాధికారమున విపులముగా విచారించెను. ఒక్క భార్యనే చెప్పు మూఁడుశబ్దములలో దారశబ్దము పుంలింగము, భార్యాశబ్దము స్త్రీలింగము, కలత్రశబ్దము నపుంసకము. అందును దారశబ్దము నిత్యబహువచనము. ఇట్లు లింగము శబ్దమున కంటియుండు భాషలో విశేషణ మాశబ్దము వెంటనే నడువవలసియుండుట సహజమే. ఏపదమున కేపద మన్వయించునో తెలియుటకు, పదక్రమము స్వేచ్ఛగా నుండు నాభాషలో, ఈయనుసరణమే దీపము.

తెలుఁగున నల్ల, తెల్ల, మంచి, చెడ్డ, పెద్ద, చిన్న, క్రొత్త మొదలగు శబ్దములు విశేష్యమునకు ముందు నిలుచునవి. వాని కేమార్పును లేదు. నల్లకోడె, నల్లయావు, నల్లకోడెలకు, నల్లయావులతో: ఎచ్చటఁ జూచినను "నల్ల" నల్లయే. ధాతుజవిశేషణములును నిట్లే. వచ్చిన పురుషుఁడు, వచ్చిన స్త్రీలు, వచ్చిన గుఱ్ఱములకు. రాని పురుషుఁడు, రాని స్త్రీలు. తెలుఁగున విశేషణము స్థానబలముచేతనే యన్వయించును గాని రూపబలముచేతఁ గాదు. దీపము లేకున్నను దారి తిన్ననిదైనచోఁ జిక్కులేదు గదా.

ఇచ్చట నొక యాక్షేపము రాఁగలదు. 1858లో వెలువడిన బాలవ్యాకరణమునఁ జిన్నయసూరి స్త్రీలకు, తిర్యక్కులకు, జడములకు వేఱైన వానిని మహత్తు లనుచు, వాని విశేషణములను గూడ మహత్తులలోఁ జేర్చినాఁడు. విశేషణమున కనుసరణమే లేనియెడల నాచేర్పు వ్యర్థము గాదా? వ్యర్థము గాదు. సూరి యుద్దేశించినవి గుణవంతుఁడు, ధీరుఁడు, నల్లవాఁడు అనునట్టి శబ్దములు. ఇవి విశేషణార్థమును జెప్పుచున్నను రూపమున నామములు. ప్రథమైకవచనమున డువర్ణమును గొని, బహువచనమున గుణవంతులు, నల్లవారు అని మాఱును. "నల్ల"కు గాని "మంచి"కి గాని యేవిభక్తియుఁ జేరదు గనుక వానిని మహత్తనుటకును, అమహత్తనుటకును ఫలము లేదు. సూరి వాక్యమున దోషము లేదు. దానిని సంస్కృతనియమమునకుఁ దెనుఁగుసేఁతగాఁ జదివినవారియందే దోషము.

అయినను "సుందరుఁడైన పురుషుఁడు, సుందరియైన కన్య, సుందరమైన పుష్పము" అని మూఁడురూపములు శిష్టప్రయోగములయందున్నవి గదా, ఇచ్చట విశేషణము లింగము ననుసరించినట్లు స్పష్టముగాఁ గనఁబడుచున్నది గదా యని యడుగవచ్చును. ఈప్రశ్నమే యీవిచారమునకు మర్మస్థానము. నాయభిప్రాయమున నిచ్చటి యనుసరణము విశేషణవిశేష్యములకుఁ గలిగినది గాదు, ఉద్దేశ్యవిధేయములకుఁ గలిగినది. "సుందరియైన" యనుచోట "ఐన" యనునది యగుధాతువువలనఁ బుట్టిన ధాతుజవిశేషణము. కన్య సుందరి యైనది, అట్టి కన్య. అనఁగా నీరెండుపదములలో నొక చిన్నవాక్య మిమిడియున్నది. అందుఁ గన్య యుద్దేశ్యము, సుందరి విధేయము. విధేయము కర్తను లింగవచనములయం దనుసరించినది. విశేష్యమునకు ముందు నిలిచినది "ఐన" యను పదము. అది దేనిని ననుసరింపలేదు.

దీనికి రెండు నిదర్శనములు చూపెదను. మొదటిది: విశేష్యమున కేవిభక్తి వచ్చినను విశేషణమునకు రాదు. "సుందరియైన కన్యకు" అందుమే గాని "సుందరికైన కన్యకు" అనము. నియమములో మూఁడవవంతగు విభక్తి యిచ్చటనే జాఱిపోయినది. రెండవ నిదర్శనము దీనికంటె బలమైనది. "బాలుఁడనైన నేను", "బాలుఁడవైన నీవు", "బాలురమైన మేము" అను ప్రయోగములఁ జూడుఁడు. ఇచ్చట బాలశబ్దము లింగవచనములనే గాక పురుషమును గూడ ననుసరించినది. విశేషణము పురుషము ననుసరించుట యేభాషావ్యాకరణమునందుఁ జెప్పఁబడినది? సంస్కృతమునఁ "బాలోఽహమ్, బాలస్త్వమ్" అని బాలశబ్ద మొక్కరీతినే యుండును. తెలుఁగున "నేను బాలుఁడను, నీవు బాలుఁడవు" అను వాక్యములయందలి విధేయప్రత్యయమే "ఐన" ముందుఁ గూడ నిలిచియున్నది. విభక్తి యింకొక పదముది: "బాలుఁడనైన నాకు". కావున నది విధేయమే. సంస్కృతమర్యాదకు లొంగని యీపురుషానుసరణము మనచిన్న వ్యాకరణములలో నొక్క పంక్తికైన నోఁచుకొనలేదు. లేని విశేషణానుసరణమునకు మాత్రము పుటలు నిండినవి.

ఇఁక "సుందరమైన కన్య" మాట. దీనిని దోషమని కొట్టివేయు పండితుని చేయి తొందరపడినదనను. గ్రాంథికమర్యాద "సుందరియైన" యనియే. కాని దోషమునకుఁ గారణము విశేషణ మనుసరింపకుండుట గాదు. సుందరశబ్దము గుణిని జెప్పునది గనుక "కన్య సుందరి" యనియే విధేయము కావలెను. గుణమును జెప్పు శబ్దమైనచో నీచిక్కు లేదు: అందమైన పురుషుఁడు, అందమైన కన్య, అందమైన పుష్పములు. అందము గుణము, దానికి లింగానుసరణ మక్కఱలేదు. ఇది తెలియక, విశేషణ మనుసరింపవలెనను నియమమునే నమ్మి, "అందగత్తెయైన కన్య" యని దిద్దించిన ప్రశ్నపత్రమును నేను చూచితిని. ఆబాలిక వ్రాసినది "అందమైన కన్య" యని. ఆవాక్యమునం దేదోషమునులేదు. దిద్దువానికిఁ దెలుఁగు వచ్చినచోఁ జాలునా? తెలుఁగు నందుఁ దెలుఁగునియమమును వెదకవలయును.

ఇప్పుడు క్రియకు వత్తము. గ్రాంథికభాష యనుసరణమున నిష్ఠ గలదని, వ్యావహారిక మలసమని సామాన్యముగా నెన్నుదురు. క్రియారూపములఁ బరికించినచో నీయెన్నిక తలక్రిందగును. "వచ్చెను" అను భూతకాలరూపము చూడుఁడు. రాముఁడు వచ్చెను, సీత వచ్చెను, గుఱ్ఱము వచ్చెను, గుఱ్ఱములు వచ్చెను. ఒక్క మహద్బహువచనమున, స్త్రీలబహువచనమున మాత్రమే వచ్చిరి యను వేఱురూపము. వ్యావహారికమున వచ్చాడు, వచ్చింది, వచ్చాయి, వచ్చారు అని నాలుగు. తద్ధర్మమున "వచ్చును" సైతము "వచ్చెను" వలెనే. సంస్కృతజ్ఞుల కిది వింతగాదు. రామో గచ్ఛతి, సీతా గచ్ఛతి: తిఙంతము లింగము నెఱుఁగదు. కృదంతమునకు వచ్చునప్పటికి గతః, గతా, గతమ్ అని లింగము మేల్కొనును. తెలుఁగునను వచ్చినది, వచ్చుచున్నది యను రూపములలో "అది" యను సర్వనామము కనఁబడుచునే యున్నది. ఉన్నాఁడు మొదలగువాని తుదిడువర్ణము వాఁడు అను శబ్దమును దలపించుచున్నది. ధాతుజవిశేషణమునకు సర్వనామము చేరఁగా నామప్రాయమైన క్రియ లింగము నంగీకరించినది. వ్యతిరేకమున రాఁడు, రాదు, రావు, రారు అని భేదము కలదు గనుక నీసామ్యమును మితిమీఱి సాగఁదీయరాదు. అయినను మొత్తముమీఁద నీతీరు తోఁచుచునే యున్నది.

లింగవిషయమునఁ దెలుఁగు శబ్దమును గాక యర్థమునే చూచునని యందుము. శిశుశబ్దము సంస్కృతమునఁ బుంలింగము. తెలుఁగున "శిశువు ఏడ్చుచున్నది". దేవతాశబ్దము స్త్రీలింగము, తెలుఁగున "దేవతలు వచ్చిరి" యన్నపుడు పురుషదేవతలును నందుఁ జేరుదురు. ఇంతవఱకు సులభము. కాని సూర్యుఁడు జడమా, మహత్తా? సూర్యుఁడు ఉదయించుచున్నాఁడు, పొద్దు పొడుచుచున్నది. వస్తు వొక్కటే, పలుకుబడి రెండు. దేవతగా భావించి పేరు పెట్టినపుడు మహత్తు, వెలుఁగుగా భావించినపు డమహత్తు. కావున నర్థమనఁగా వస్తువు గాదు, వక్త దానిని భావించినతీరు. తిర్యక్కులను మహత్తులనుండి తొలఁగించిన సూరియే తన నీతిచంద్రికలోఁ జిత్రగ్రీవుఁడను కపోతరాజును, హిరణ్యకుఁడను మూషికమును నడిపించినాఁడు. ఇందు స్వవచనవ్యాఘాతము చూపఁబూనినవారు తొందరపడినట్లే. మాటలాడు పావురము, నీతి చెప్పు నెలుక, వ్యక్తులైనవి. వ్యక్తికి డువర్ణము దక్కినది.

స్త్రీలవిషయము మఱింత జటిలము. ఏకవచనమున స్త్రీ జడతిర్యక్కులతోఁ గూడును: సీత వచ్చుచున్నది, ఆవు వచ్చుచున్నది. బహువచనమునఁ బురుషులతోఁ గూడును: స్త్రీలు వచ్చుచున్నారు, ఆవులు వచ్చుచున్నవి. తమిళమున నేకవచనమున అవన్, అవళ్, అదు అని మూఁడు వేఱు. గోండి, కొలామి భాషలలో బహువచనమునఁ గూడ స్త్రీలు పురుషేతరవర్గమునకే చెందుదురు. కురుఖ్, మాల్తో లను నుత్తరపుభాషలు తెలుఁగురీతినే నడచుచున్నవి. 1856లో వెలువడిన కాల్డ్వెల్ గ్రంథము మొదలు 2003లోని భద్రిరాజు కృష్ణమూర్తి గ్రంథమువఱకు నీవిభేదము చర్చకు వచ్చుచునే యున్నది. మూలద్రావిడమున నేది ముందనుటలో విద్వాంసులకు భిన్నాభిప్రాయములు గలవు. కావునఁ దెలుఁగువారు స్త్రీని జడముతో సమముగాఁ జూచిరనుట గాని, తమిళులు గౌరవించిరనుట గాని కుటుంబచరిత్ర యెఱుఁగని మాట. మహత్తు, అమహత్తు అను పారిభాషికశబ్దములే యీయపోహకుఁ గొంత చోటిచ్చినవి; పురుషవాచకము, తదితరము అని యుండినచో నీతగవు పుట్టియుండదు. అయినను వక్తలకు బాధ లేకపోలేదు. అందువలననే నేఁడు మంత్రిపదవియందున్న స్త్రీని గూర్చి "మంత్రి వచ్చుచున్నది" యని యెవ్వఁడు ననఁడు, "వచ్చుచున్నారు" అనును. గౌరవబహువచనము వచ్చినతోడనే స్త్రీపురుషభేదము సమసిపోవును.

విశేష్యమునకు ముందు నిలిచి దాని ననుసరించు శబ్దములు తెలుఁగున నొక్కవర్గమునం దున్నవి. అవి సంఖ్యాపరిమాణవాచకములు. ఇద్దఱు స్త్రీలు, రెండు గుఱ్ఱములు. కొందఱు పురుషులు, కొన్ని చెట్లు. ఎందఱు బాలురు, ఎన్ని పుస్తకములు. "రెండు స్త్రీలు" అనుట యెవ్వరికి నొప్పదు. ఒకటికి మాత్ర మీభేదము లేదు: ఒక పురుషుఁడు, ఒక స్త్రీ, ఒక గుఱ్ఱము. విడిగా నిలిచినపుడు ఒకఁడు, ఒకతె, ఒకటి యని మూఁడగును. ఇది నాసిద్ధాంతమునకు బాధకము గాదా? కాదనియే తలఁచెదను. ఇద్దఱు, కొందఱు అనునవి విశేషణములుగాఁ గనఁబడు నామములు. "స్త్రీ లిద్దఱికి" అని వెనుక నిలిపినచో విభక్తి యీశబ్దమునకే చేరును, స్త్రీశబ్దము ప్రథమయందే నిలిచియుండును. "స్త్రీలు మంచికి" యని యనఁగలమా? నామముప్రక్క నామము నిలిచి యొక్కవస్తువునే చెప్పుచున్నది గనుక వర్గసామ్యము తప్పనిసరి. పాఠశాలలలో విశేషణానుసరణమునకు నిదర్శనములు కావలసినచో నీయుదాహరణములనే యీయవచ్చును. అవియైనను సంఖ్యాప్రకరణమునఁ జెప్పుట మేలు.

అనేకకర్తృకవాక్యములగుఱించి క్లుప్తముగా. స్త్రీపురుషులు కలిసినపుడు సంస్కృతమునఁ బుంశబ్దము శేషించును. తెలుఁగున బహువచనమున వారిరువురు నొక్కవర్గమే గనుక నట్టివిధి యక్కఱయే లేదు: రాముఁడును సీతయు వచ్చిరి. పురుషములు కలిసినపుడు సంస్కృతమున మధ్యమమునకంటె నుత్తమము బలవత్తరము, ప్రథమమునకంటె మధ్యమము. తెలుఁగునను నంతియే, కాని నేనును వాఁడును గూడిన "మేము", నేనును నీవును గూడిన "మనము" అను భేదము సంస్కృతమునకుఁ దెలియనిది. చిత్రమేమనఁగా క్రియ యీభేదమును జూపదు: మేము వచ్చితిమి, మనము వచ్చితిమి. పురుషుఁడును బశువును గలిసినపుడు మాత్రము చిక్కు. "కాపరియు గొఱ్ఱెలును వచ్చిరి" యన్నను "వచ్చెను" అన్నను జెవి కింపుగా లేదు. తెలుఁగువాఁ డీచిక్కులోఁ బడఁడు. "కాపరి గొఱ్ఱెలతో వచ్చెను" అని తప్పించుకొనును. నపుంసకము శేషించునను సంస్కృతవిధిని దెచ్చి యిచ్చటఁ బ్రయోగింపఁబూనుట లేని రోగమునకు మందిచ్చుట.

విధేయానుసరణమే తెలుఁగుపొందికకుఁ బ్రాణమనుటకు నేఁటి వాడుకయే సాక్ష్యము. పరభాషాశబ్దములకు సైతము జనులు పురుషప్రత్యయములను జేర్చుచున్నారు: నేను టీచరుని, నువ్వు డాక్టరువి, మేము ప్లీడర్లము. ఎక్కడనుండి వచ్చిన శబ్దమైనను విధేయస్థానమునఁ గూర్చున్నతోడనే తెలుఁగుచొక్కా తొడుగుకొనవలసినదే. ఇప్పు డిప్పుడు మాత్రము "నేను డాక్టరు", "నువ్వు లీడరు" అని ప్రత్యయము విడిచి పలుకుట యువజనులలో వినఁబడుచున్నది. ఇది బాలుర వ్రాఁతలోనికి వచ్చినపుడు దానిని దిద్దవలెను. విశేషణానుసరణమును వెదకుచుఁ గూర్చున్న యెఱ్ఱసిరాకలము సాధారణముగా దీనిపై నిలువదు. కారణము, సంస్కృతమున "అహం వైద్యః" అని ప్రత్యయము లేకుండుటయే.

గౌరవబహువచనమున మఱియొక సందేహము కలదు. గ్రాంథికమున నొక్కని నుద్దేశించియే "మీరు పండితులు" అందుము. ఉద్దేశ్యము బహువచనమగుటచే విధేయమును బహువచనమే. సంభాషణమున "మీరు గొప్ప కవి", "మీరు మంచి డాక్టరు" అని వినుచున్నాము. దీనిని వెంటనే తప్పనుటకు నామనస్సొప్పకున్నది. ఏలయన నిదే నోట "మీరు మంచివాఁడు" అని యెన్నఁడు రాదు. "మీరు మంచివారు" అనియే వచ్చును. డువర్ణముతో నేకత్వమును బిగ్గఱగాఁ జాటు శబ్దము బహువచనకర్తతోఁ బొసఁగదు. కవి, మంత్రి, డాక్టరు వంటి నిరాకారమైన తుదిగల శబ్దము పొసఁగును. "మీరు పండితుఁడు" అనువారును లేరు. గ్రాంథికరచనలో నిప్పటికిని "మీరు గొప్ప కవులు" అనియే వ్రాయవలెను. సంభాషణరచనలో, నాటకములలో, నొకపాత్ర "మీరు గొప్ప కవి" యన్నచోఁ బండితుఁ డాపంక్తిని విడిచి, మీఁది పంక్తిలో "నేను డాక్టరు" అని వ్రాసినదానిని దిద్దుట యుచితము.